వంకాయ రంగు దగ్గర ఆపు

మొదటి పొద్దు

నా పేరు వెంగమ్మ. గూడూరు పక్కన అభ్రకం గుంటలో పుట్టాను, ఈ గుంటలోనే ముసలిదాన్నయ్యాను. నాకు చదువు రాదు. అందుకే మా గుంట పెద్ద మస్తానయ్య ఈ రాతపెట్టెను నా ముందు పెట్టి, "నువ్వు జెప్తా పో వదినా, అదే రాసుకుంటాది" అని వెళ్ళిపోయాడు. ఇది నా మాటను సాపు చేసి పుస్తకం తెలుగులో పెడుతుందట. నా మాటను ఎలాగైనా పెట్టుకో, పెట్టే. మిగతావాళ్ళు అన్నది మాత్రం అన్నట్టే రాయి. రేపు పంచాయితీలో చదివినప్పుడు "నేనట్టా అన్లేదు" అని ఎవరూ తప్పించుకోకూడదు.

నా ఫిర్యాదు నా తోడికోడలు పెంచలమ్మ మీద. ఆమెను తూర్పు మిట్ట మీదికి రానీయకూడదు. రేకుల గురించి నోరెత్తనీయకూడదు. ఇది నా కోరిక.

ఈ ఉదయం కూడా ముసుగేసుకుని నిచ్చెనెక్కి కప్పు మీద దుమ్ము తుడిచాను. ముసుగు లేకుండా పైకెక్కితే పావుగంటలో మెడ బొబ్బలెక్కుతుంది. మా గుంట మీద కప్పంతా అభ్రకం రేకులే. తాతలు తవ్వి వదిలేసిన గుంటలో కాపురం ఉంటున్నాం, వాళ్ళు పనికిరాదని పారేసిన అభ్రకాన్ని పొరలు పొరలుగా విప్పి నెత్తిన వేసుకున్నాం. ఉత్త అభ్రకం ఈ ఎండను ఆపదు. దాని మీద పూత ఉండాలి.

పూత పట్టేది గాజు గంటలో, అంటే గుడిగంటలా బోర్లించిన గాజు బానలో. లోపలి గాలంతా లాగేసి, చిటికెడు తెల్లరాయి పొడిని మంట మీద పొగ చేస్తే, ఆ పొగ వెళ్ళి రేకు మీద కూర్చుంటుంది. ఒక పూత మీద ఇంకో పూత, మొత్తం పదకొండు. ఆఖరి పూత కట్టేటప్పుడు రేకు మీద రంగు తిరుగుతుంది. ఆ రంగు ఎవరూ వేసింది కాదు. సబ్బు బుడగ మీద కనిపిస్తుందే, అలా పూత పలచదనంలోంచి వెలుగు విరిగి కనిపించే రంగు. ముందు ఎండుగడ్డి రంగు వస్తుంది, తర్వాత ఇటుక రంగు, ఆ తర్వాత వంకాయ రంగు. వంకాయ తిరిగిన క్షణాన గంట దగ్గర పీట మీద కూర్చున్న మనిషి "ఆపు" అనాలి. మంట తీసేస్తారు. ఒక్క రెప్పపాటు ముందన్నా, వెనకన్నా ఆ రేకు పనికిరాదు.

ఆ పీట నాది. మా అత్త చనిపోయిన రోజు నుంచి ముప్పై ఒక్క ఏళ్ళుగా నాది.

పెంచలమ్మ సంగతి చెబుతాను. రెండేళ్ళ కిందట ఆమె కళ్ళు రెండూ మసకబారాయి. అన్నంలో రాయి ఏరలేకపోయింది. నేనే ఏరి పెట్టాను. పోయిన ఏడు ఊరూరా తిరిగే కళ్ళ డాక్టరమ్మ వచ్చి, ఆమె కళ్ళలోని బిళ్ళలు రెండూ తీసేసింది. బదులు పెట్టడానికి పెద్ద పట్నాల్లో కూడా ఇప్పుడు ఏమీ దొరకదట. చెంబు అడుగంత మందం కళ్ళద్దాలిచ్చి పోయింది. అలాంటి మనిషి మూల కూర్చుని రామా అనుకోవాలి. ఈమె అనుకుందా?

నెల కిందట తూర్పు మిట్ట మీద కొత్త నారుమడి వేశాం. గుంటలో చోటు చాలక మొదటిసారి గట్టు మీద వేశాం. దానికి కప్పిన నూట నలభై రేకులకూ ఆపు చెప్పింది నేను. పన్నెండో నాటికి నారు కొసలు సున్నం కొట్టినట్టు తెల్లబడి, పదిహేనో నాటికి మడంతా వాలిపోయింది. అప్పుడు పెంచలమ్మ నలుగురిలో నిలబడి అన్న మాట ఇది.

"తెల్లారీ, సాయంకాలమూ ఆ రేకుల్లోంచి ఏందో కారతా ఉండాదక్కా. తెల్లంగా, నీలంగా. మీ ఎవురికీ కనబడ్లా?"

ఎవరికీ కనబడదు. కళ్ళలో బిళ్ళలు లేని మనిషికి కనబడుతుందట, కళ్ళున్నవాళ్ళకు కనబడదట. ఇంతకంటే రుజువేం కావాలి?

మూడో పొద్దు

నాకు ఆమె మీద అసూయ అని వంటశాలలో అనుకుంటున్నారట. అనుకోనీ. అబద్ధమని నేనెప్పుడు అన్నాను?

మేమిద్దరం ఒకే ఇంటికి కోడళ్ళం. నేను ఆరేళ్ళు ముందు వచ్చాను. నేను విప్పినంత సన్నంగా పొర విప్పే చెయ్యి ఈ గుంటలో లేదు. నా రేకును నీళ్ళ మీద వేస్తే తేలుతుంది. అయినా మా అత్త కొత్త రేకు వెలుగులో పెట్టి, "పెంచలీ, రామ్మే, ఇది చూడు ఎంత బాగుండాదో" అని దాన్నే పిలిచేది. విప్పింది నేను, చూడటానికి అది. నా మొగుడు చనిపోయినప్పుడు కూడా జనం దాని భుజం మీద పడి ఏడ్చారు. నా దగ్గరికి రావడానికి భయమట.

ఇప్పుడు చూడు. ఈ ఉదయం పూత గంట దగ్గరికి పోయేసరికి నా పీట మీది పాతచీరల బొంత లేదు. వెతికితే తూర్పు మిట్ట దగ్గర పెంచలమ్మ కింద ఉంది. చుట్టూ పదిమంది ఆడవాళ్ళు.

"పిన్నమ్మా, ఇయ్యాల ఎట్టుండాది? నిన్నటి కంటే ఎక్కవా?"

"ఎక్కవే. వెన్న దీసిన పాలకి అంచునొక నీలం ఉంటాదే, అట్ట. పాలనీడ మాదిరి."

పాలనీడ! పేరు కూడా పెట్టేసింది. ఎవరికీ కనబడని దానికి పేరు పెట్టడం సులువే, తప్పని చెప్పేవాళ్ళుండరు కదా. ఆ పేరును నేను నోటితో ఇంకోసారి అనను.

బొంత లాగేసుకున్నాను. అది లేచి నిలబడి, "నేను తీసుకురమ్మన్లేదక్కా, వాళ్ళే ఏసినారు" అంది. అదే నా కడుపు మంట. అది ఏదీ అడగదు. అన్నీ వాళ్ళే వేస్తారు.

ఎనిమిదో పొద్దు

ఈ రోజు పంచాయితీ నా మాట విని పరీక్ష పెట్టింది. మా గుంటలో రేకును పరీక్షించే పద్ధతి ఒకటే. నడిపొద్దున, సూర్యుడు నెత్తి మీద ఉండగా, రేకును బల్ల మీద చదునుగా పెట్టి, తిన్నగా పై నుంచి చూడాలి. వంచి చూడకూడదు. వంచి చూసిన రేకు అబద్ధం చెబుతుందని మా అత్త అనేది. కొత్తగా వచ్చిన రోజుల్లో నేనొకసారి రేకు వంచి చూస్తే, పొర విప్పే కత్తి పిడితో నా వేళ్ళ మీద కొట్టింది. ఆ మచ్చ ఇంకా ఉంది. ఈ గుంటలో పిల్లలకు అక్షరాల కంటే ముందు అది నేర్పుతాం.

తూర్పు మిట్ట నుంచి ఇరవై రేకులు దించి బల్ల మీద పరిచాం. నడిపొద్దు. గుంటలో ఉన్నవాళ్ళంతా వచ్చారు.

"చెప్పుమే, ఇందులో యాడ కారతా ఉండాది?" అన్నాను.

పెంచలమ్మ వంగి, ఇరవై రేకుల మీదా కళ్ళద్దాలు ఆనించి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇప్పుడు లేదక్కా."

"ఏంది?"

"ఇప్పుడు లేదు. తెల్లారి ఉండింది."

ఒక్కసారిగా అందరూ నవ్వారు. నారుమడి చూసే శీనయ్య పెద్దగా, "పాలు గదా పిన్నమ్మా, మద్దేనానికి ఇరిగిపోయుంటాయిలే!" అన్నాడు. మస్తానయ్య కూడా మీసం కింద నవ్వు దాచుకున్నాడు. దాని మొహం ఎర్రబడింది. యాభై ఏళ్ళలో ఆ మొహం జనం మధ్య ఎర్రబడటం నేను ఎప్పుడూ చూడలేదు.

నాకెంత బాగుందో చెప్పలేను. మధ్యాహ్నం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

తీర్పు ఇది: పెంచలమ్మ తూర్పు మిట్ట ఎక్కకూడదు. నారు పోవడానికి నీళ్ళు కారణం. మళ్ళీ విత్తనం చల్లాలి. ఉన్న విత్తనం మూడు మడులది, ఒకటి పోయింది, రెండోది ఈ సాయంత్రం చల్లారు.

పందొమ్మిదో పొద్దు

రెండో మడి కూడా పోయింది.

నీళ్ళు మార్చారు, ఎరువు మార్చారు, శీనయ్య రాత్రింబవళ్ళు అక్కడే ఉన్నాడు. పదకొండో రోజుకు కొసలు తెల్లబడ్డాయి. ఇక మిగిలింది ఒక్క మడి విత్తనం. గుంటలో మడి నారు ఏ మూలకూ చాలదు, ఈ విత్తనం కూడా పోతే ఈ ఏడు నాట్లు లేవు. నాట్లు లేకపోతే నాలుగు వందల కడుపులు ఏం తింటాయో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

శీనయ్య వాడిపోయిన నారు గుప్పెడు తెచ్చి నా పీట ముందు పడేశాడు.

"చూడు పెద్దమ్మా. నా తప్పంటివి. నీళ్ళంటివి. గుంటలో మడికి గూడా ఇవే నీళ్ళు, ఇదే ఎరువు, ఇవే రేకులు. అది పచ్చంగా ఉండాది. ఇదెందుకు చచ్చింది?"

"నీ చెయ్యి మంచిది కాదురా."

"నా చెయ్యే గదా గుంటలో మడి కూడా ఏసింది!"

అవే రేకులు. నేను చెప్పిన ఆపూ అదే. లోపల పచ్చగా ఉంది, గట్టు మీద చచ్చింది. పిడికిలిలో ఆ నారు గడ్డి వాసన కూడా లేకుండా, కాగితంలా ఉంది.

ఇరవయ్యో పొద్దు

పొరలు విప్పే బల్ల దగ్గర పెంచలమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, తడుముకుంటూ పొర విప్పుతోంది. ఎదురుగా కూర్చున్నాను. మాట్లాడటానికి కాదు, నా కత్తి అక్కడుంది.

"రెండో మడి గూడా పాయెనంటక్కా."

"పాయె. సంతోషమేనా?"

కత్తి కింద పెట్టింది. "నీకు నన్ను తిట్టాలని ఉంటే తిట్టు. ఇత్తనం పోయినదానికి సంతోషమా అని మాత్రం అనొద్దు."

కాసేపు ఇద్దరం పొరలు విప్పాం. ఆ తర్వాత నేనే అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు.

"అది ఎట్టుంటాది?"

"ఏది?"

"నువ్వు జూసేదిమే. ఆ కారేది."

అది తల పైకెత్తి, కళ్ళద్దాలు లేని కళ్ళతో నా వైపు చూసింది. ఆ కళ్ళు నన్ను చూడటం లేదని తెలుసు, అయినా నేనే పక్కకు చూశాను.

"బాగుంటాదక్కా. అదే కష్టం. నారును చంపేదని తెల్సినా చూస్తానే ఉండాలనిపిస్తాది. పొద్దు పొడిచేటప్పుడు మిట్టంతా దాంతో నిండిపోతాది. పొద్దెక్కే కొద్దీ తగ్గతా తగ్గతా, నెత్తి మీదికొచ్చేసరికి మాయం. మళ్ళా సాయంకాలం మెల్లంగా వొస్తాది. గుంటలోకి రాదు. ఒక్కసారి గూడా రాలా."

"ఎందుకు రాదు?"

"నాకేం తెల్సు? నేను జూసింది జెప్తుండా. లెక్క జెప్పేదానివి నువ్వు గదా."

ఒళ్ళు మండిపోయింది. రేకు నాది, పూత నాది, ఆపు నాది. ఆ వెలుగు నా రేకులోంచి పుట్టేదే అయితే దానికి తల్లిని నేను. దాన్ని ప్రతి ఉదయం కూర్చుని చూసింది ఇది. నాకు చూపు లేదట, దీనికి ఉందట. ఇంత చూపు దీనికెందుకు? ఏం చేసుకుంటుంది?

"డాక్టరమ్మ ఎప్పుడొస్తాదంటా?" అన్నాను.

"మూణ్ణాల్రోజుల్లో. ఎవురికి?"

"నీకెందుకుమే."

ఇరవై మూడో పొద్దు

డాక్టరమ్మ నిరుడే నాకు చెప్పింది, నా కళ్ళలో కూడా పొర పెరుగుతోందని. పెంచలమ్మ చేయించుకుందని నేను చేయించుకోలేదు. ఆమె తిన్న విస్తరి నేనెత్తడమేమిటని. ఇది కూడా రాయి, దాచను.

డాక్టరమ్మ నా కనురెప్ప ఎత్తి దీపం వేసి చూసింది.

"అవ్వా, ఈ బిళ్ళ పసుపుపచ్చగా అయిపోయింది. కళ్ళలోకి వచ్చే వెలుగును ఇదే సగం మింగేస్తోంది. వయసులో ఉన్నవాళ్ళ బిళ్ళ కూడా కొంత మింగుతుంది. అందుకే ఊదా రంగుకు అవతల ఉండే వెలుగు ఎవరికీ కనబడదు. బిళ్ళ లేనివాళ్ళకి కనబడుతుంది."

"అయితే అది అబద్ధమాడ్లేదా?"

"ఎవరు?"

"ఎవురో ఒకరు. తీసెయ్యి."

"రెండు కళ్ళూనా?"

ఆలోచించాను. రెండూ తీస్తే వంకాయ రంగు నాకు మునుపటిలా కనిపిస్తుందో లేదో. పీట పోతుంది. "ఒకటి. ఎడమది" అన్నాను. "కుడిది నా పీటకి ఉంచు."

నొప్పి లేదు. నొప్పి ఉంటే చెప్పేదాన్ని.

ముప్పై రెండో పొద్దు

తెల్లవారుజామున కట్టు విప్పారు. మందపు అద్దం ఒకటి ఎడమ కంటికి కట్టారు. రెండు కళ్ళూ తెరిస్తే లోకం ఒకవైపు పెద్దగా, ఒకవైపు చిన్నగా ఉండి కడుపులో తిప్పుతోంది. అందుకని ఒకటి మూసి ఒకటి తెరుస్తున్నాను.

ముసుగేసుకుని నిచ్చెనెక్కాను. ఎవరినీ రానీయలేదు. తూర్పు మిట్ట కప్పు కిందికి వెళ్ళి, ఖాళీ మడిలో నిలబడి, కుడి కన్ను మూసుకున్నాను.

పొద్దు పొడిచింది.

ఏం చెప్పమంటావు పెట్టే? నూట నలభై రేకుల్లోంచీ వచ్చింది. తెలుపు కాదు, నీలం కాదు, లోపలి నుంచి వెలిగే పల్చటి రంగు, మడి మీద పరుచుకుని, నా చేతుల మీద పరుచుకుని, చచ్చిపోయిన నారు మొదళ్ళ మీద పరుచుకుని. కుడి కన్ను తెరిస్తే ఏమీ లేదు, మామూలు ఎండ. మూస్తే మళ్ళీ అది. తెరుస్తూ మూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అరవై తొమ్మిదేళ్ళు నాకు. ఈ లోకంలో ఇది ఉందని ఎవరూ చెప్పలేదు. చెప్పింది ఒక్కతే, దాన్ని పదిమందిలో నవ్వులపాలు చేశాను.

మిట్ట ఎక్కొద్దనేదాకా పెంచలమ్మ దీన్ని ప్రతి ఉదయం చూసింది. ఒక్కతే. అప్పుడు వచ్చిన అసూయ ముందు నా పాత అసూయలన్నీ పిల్లకాయల ఆటే.

ఆ తర్వాత నా చేతులు వాటంతట అవే ఒక పని చేశాయి. ఒక రేకును చట్రంలోంచి ఊడదీసి, కుడి కంటితో, తప్పని తెలిసీ, వంచి చూశాను. తిన్నగా చూస్తే వంకాయ. వంచితే వంకాయ వెనక్కి నడిచి ఇటుక అయింది. ఇంకా వంచితే గడ్డి. వంచిన కొద్దీ పూత పలచబడినట్టు. రేకు అబద్ధం చెప్పలేదు. ఎండ ఏటవాలుగా వస్తే నేను పట్టిన పూత చాలదని చెబుతోంది.

మా గుంట లోతు డెబ్బై అడుగులు. నాలుగు పక్కలా గోడలు. నడిపొద్దున తప్ప ఎండ అడుగుకు దిగదు. మా అత్త పెట్టిన నడిపొద్దు పరీక్ష గుంటకు సరైనదే. మిట్టకు గోడల్లేవు. అక్కడ ఎండ తెల్లారగానే పక్కవాటుగా వచ్చి పడుతుంది. గుంటలో పుట్టి పెరిగిన మాకు పక్కవాటు ఎండ అనేది ఒకటుందని తోచనే లేదు.

ఆ నూట నలభై రేకులూ నావి. రెండు మడుల విత్తనం నా నోటితో పోయింది.

ఇది తెలిసినవాళ్ళు ఇద్దరం. పెంచలమ్మను ఎవరూ నమ్మరు. నేను ఊరుకుంటే పీట నాదే. ఊరుకుంటే మూడో మడి కూడా అక్కడే చల్లుతారు.

సాయంత్రం దాకా ఇంట్లోంచి బయటికి రాలేదు.

ముప్పై మూడో పొద్దు

పంచాయితీ పిలిపించాను. చెప్పేశాను. రేకు వంచి అందరికీ చూపించాను. ముసలివాళ్ళు కొందరు పాపం చేస్తున్నట్టు మొహం తిప్పుకున్నారు. శీనయ్య మాత్రం దగ్గరికి వచ్చి, రేకును తానే వంచి, నిలబెట్టి, మళ్ళీ వంచి చూశాడు. ఈసారి వేళాకోళం ఆడలేదు.

మస్తానయ్య గొంతు సవరించుకున్నాడు. "అయితే ఫిర్యాదు ఎనక్కి తీసుకున్నట్టేనా వదినా?"

"తీసుకోను."

"మళ్ళా ఏందీ?"

"ఫిర్యాదు మారస్తా. రాసుకో. ఇది చూసింది. నిజమని దీనికి తెల్సు. నేను నాలుగు కేకలేస్తే నోరు మూసుకోని మూల కూచుంది. చీపురు తీసుకోని నన్ను కొట్టుండాల్సింది. కొట్టుంటే ఒక మడి ఇత్తనం మిగిలేది. అదీ దాని తప్పు."

పెంచలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నీతో కొట్లాడి గెలిచినోళ్ళు ఈ గుంటలో ఒకురన్నా ఉండారా అక్కా?"

అందరూ నవ్వారు. ఈసారి నా మీద. భరించాను.

తర్వాత అసలు మాట వచ్చింది. మిట్ట రేకులన్నీ కొత్తగా పూత పట్టాలి. వంకాయ దాటాలి, సరే. ఎంత దాటాలి? ఎవరికీ తెలియదు. ఎక్కువ మందం పడితే నారుకు కావలసిన ఎండ కూడా తగ్గి పాలిపోతుంది. కాబట్టి రేకును గంటలో ఏటవాలుగా నిలబెట్టి, ఎండను అద్దంతో లోపలికి పంపి, ఆ వెలుగు సరిగ్గా చచ్చిపోయే క్షణాన ఆపాలి. గంటకు గాజు కిటికీ బదులు స్ఫటికం కిటికీ పెట్టాలని నేనే చెప్పాను. గాజు కొంత మింగేస్తుంది, స్ఫటికం ఏ వెలుగునూ ఆపదు, రాళ్ళ పని చేసిన ఎవరికైనా తెలుసు.

"ఆపు అనేదెవురు?" అన్నాడు మస్తానయ్య. "ఇద్దురూ చూడండి. మాట మాత్రం ఒక నోట్లోంచే రావాల. రెండు నోళ్ళయితే మంట కాడ మనిషి తికమక పడతాడు. పీట వెంగమ్మొదినది. ఆమె లేస్తే గదా ఇంకొకురు కూచునేది. ఆమే చెప్పాల."

అందరూ నన్ను చూశారు. నేను లేచి ఇంటికి వచ్చేశాను.

ముప్పై తొమ్మిదో పొద్దు

పొద్దున్నే గంట దగ్గరికి అందరికంటే ముందు పోయాను. నా పీట మీద కూర్చున్నాను. లెక్క వేసుకున్నాను. నా కొత్త కన్ను వయసు ఏడు రోజులు. ఎండ తగిలితే నీళ్ళు కారుతుంది. పెంచలమ్మ కళ్ళకు బిళ్ళలు పోయి ఏడాదైంది, ఆ వెలుగు తగ్గడం, పెరగడం నెలకు పైగా చూసింది. ఉన్నది ఒక్క మడి విత్తనం.

పెంచలమ్మ వచ్చేసరికి పీట మీద నుంచి లేచాను.

"కూచో" అన్నాను.

"నువ్వు?"

"నిలబడతా. నాకేం కాళ్ళు లేవా?"

కూర్చుంది. బొంత లేకుండా కూర్చోబోతే, బొంత కూడా వేశాను. విసిరాను అనుకో.

మంట పెట్టారు. రేకు గంటలో ఏటవాలుగా నిలబడి ఉంది. అద్దంలోంచి వచ్చిన ఎండ స్ఫటికం కిటికీ గుండా దాని మీద పడి, వెనక తెల్లటి పలక మీదికి దిగింది. ఎడమ కంటితో చూస్తే పలక నిండా ఆ వెలుగే. కుడి కంటితో చూస్తే రేకు మీద రంగు నడుస్తోంది. గడ్డి. ఇటుక. తర్వాత వంకాయ తిరిగింది, చక్కటి నిగనిగలాడే లేత వంకాయ.

ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు. మాట నా కడుపులోంచి లేచింది, గొంతులోకి వచ్చింది, నాలుక కింద నిలబడింది. మంట దగ్గర మనిషి కూడా అలవాటు కొద్దీ నా మొహం చూస్తున్నాడు. నేను పెదవి కదిపితే చాలు, తీసేస్తాడు. తీసేస్తే రేకు పోతుంది, రేకుతో పాటు మడి. చీర కొంగు ఉండ చుట్టి నోట్లో కుక్కుకున్నాను. పళ్ళతో కరిచి పట్టాను.

వంకాయ నల్లబడింది. నీలం అయింది. నీలంలోంచి నెమలి మెడ వచ్చింది. నా జన్మలో ఏ రేకునూ అంత దూరం పోనీయలేదు. ఎడమ కంటిలో ఆ వెలుగు అంచుల నుంచి చచ్చిపోతూ, మధ్యకు వచ్చి, అరచేయంత అయి, రూపాయంత అయి, కందిగింజంత అయి.

పోయింది.

"ఆపండయ్యా" అంది పెంచలమ్మ.

మంట తీశారు. శీనయ్య రేకును జాగ్రత్తగా బయటికి తీసి మిట్ట మీదికి పరిగెత్తాడు. మేమిద్దరం ముసుగులేసుకుని నిచ్చెనెక్కి వెనకే పోయాం. ఏటవాలు ఎండకు పెట్టి చూశాను. కుడి కంటికి మామూలు ఎండ. ఎడమ కంటికి కూడా మామూలు ఎండ. ఆ చుట్టుపక్కల పాత రేకులన్నీ వెలుగుతున్నాయి, ఈ ఒక్కటీ మసి గుడ్డలా, చప్పగా ఉంది. అది చాలు. ఇంత చక్కటిదాన్ని చంపేశామని ఒక్క క్షణం ప్రాణం ఉసూరుమంది.

కిందికి వచ్చాక అది పీట పక్కన నిలబడింది, కూర్చోకుండా.

"ఏందట్ట నిలబడ్డావు? ఇంకా నూట ముప్పై తొమ్మిది రేకులుండాయి. కూచో."

కూర్చుంది. కళ్ళద్దాలు తుడుచుకుంది. "సరిగ్గానే జెప్పినానా అక్కా?"

"ఆలిస్యంగా జెప్పినావు."

"ఎంత?"

"రెప్పపాటు."

"మరి నీకు ముందే కనబడింటే నువ్వే అనుండొచ్చు గదా?"

అప్పుడు నా నోట్లో కొంగు ఉందని దానికి చెప్పలేదు. రెండో రేకు పెట్టమన్నాను.

పెట్టే, పంచాయితీలో ఈ ముక్క చదవకు.